ఆగిన గుండెల లెక్క ఏ రిజిస్టర్‌లో?

* కాగితాలు మూడు చోట్ల... కలిపి చూసేవారేరీ?
* స్టెంట్ల సంఖ్యే గుండెపోట్ల సంఖ్య కాదు
* ఇంటివద్ద పోయిన ప్రాణాలకు కారణం నమోదు కాని వైనం

భీమవరం: తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తుంది. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవడు. 'రాత్రి దాకా బాగానే ఉన్నాడు, గుండె ఆగి పోయాడు' అని బంధువులు చెప్పుకొంటారు. దహన సంస్కారాలు ముగుస్తాయి. కొద్ది రోజులకు పంచాయతీ కార్యాలయంలో మరణం నమోదవుతుంది, ధ్రువపత్రం చేతికి వస్తుంది. ఆ మనిషిని బలిగొన్నది గుండెపోటా, పక్షవాతమా, మరొకటా అన్న సంగతి మాత్రం ఏ కాగితంలోనూ మిగలదు. గోదావరి జిల్లాల పల్లెలకు ఇది కొత్త కథ కాదు.

జిల్లాలో ఏటా ఎంతమందికి గుండెపోటు వస్తోంది? ఏ మండలంలో ఎక్కువ? ఎందరు ఆస్పత్రి మెట్లు ఎక్కకముందే కన్నుమూస్తున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల దస్త్రాలు ప్రభుత్వం వద్ద లేకపోలేదు. 108 అంబులెన్స్ ప్రయాణ వివరాలు ఒకచోట, ఆరోగ్య పథకం క్లెయిమ్‌లు మరోచోట, మరణాల రిజిస్టర్ ఇంకోచోట ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు లేకపోవడమే అసలు లోటు. డబ్బు చెల్లింపు కోసమో, ధ్రువపత్రం కోసమో రాసిన ఈ కాగితాలతో గుండెపోట్లను గుర్తించడం సాధ్యమేనని ఇతర దేశాల అనుభవం చెబుతోంది. అయితే వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోకుండా లెక్క కడితే దారి తప్పుతామనీ అదే అనుభవం హెచ్చరిస్తోంది.

పల్లెలు చెప్పిన నిజం

గుండె జబ్బులు పట్నవాసుల రోగాలని, కాయకష్టం చేసే పల్లె జనానికి రావని ఒకప్పటి నమ్మకం. ఆ నమ్మకాన్ని తలకిందులు చేసినది ఈ గోదావరి గడ్డే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం పేరుతో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో పరిశోధకులు మరణాల కారణాలను సేకరించారు. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. ఏడాది కాలంలో 1,354 మరణాలు వారి దృష్టికి వచ్చాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబ సభ్యుల నుంచి అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను చదివి వైద్యులు కారణాన్ని నిర్ణయించారు.

2006లో వెలువడిన ఫలితం విస్మయం కలిగించింది. మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే సంభవించాయి. అంటు రోగాలకు బలైనవారు 12 శాతమే. పల్లెల్లో ప్రజలను చంపుతున్నది విషజ్వరాల కంటే గుండె జబ్బులు, పక్షవాతమేనని తేలింది. ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఈ నిజం ఏ ప్రభుత్వ రిజిస్టర్ నుంచీ బయటకు రాలేదు. ఇంటింటికీ తిరిగి అడిగితేనే వచ్చింది. అడగడం ఆగిన చోట లెక్క కూడా ఆగింది.

ఒకే జబ్బు... మూడు దారులు

గుండెపోటు కాగితంలోకి ఎలా ఎక్కుతుందో, ఎలా జారిపోతుందో తెలుసుకోవడానికి ఒకే మండలంలో ముగ్గురు రోగులను ఊహించుకుంటే చాలు.

మొదటి వ్యక్తి ఆక్వా చెరువు కాపలాదారు. నొప్పి రాగానే కుటుంబ సభ్యులు 108కు ఫోన్ చేశారు. పట్టణంలోని ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. అక్కడి నుంచి విజయవాడకు తరలించారు. ఆరోగ్య పథకం కింద స్టెంట్ వేశారు. ఈయన గుండెపోటు అంబులెన్స్ దస్త్రంలోనూ, రెండు ఆస్పత్రుల్లోనూ, క్లెయిమ్‌లోనూ నమోదవుతుంది. జాగ్రత్తగా చూడకపోతే ఒక్క గుండెపోటు రెండుగా లెక్కకు వస్తుంది.

రెండో వ్యక్తి వ్యాపారి. కారులో హైదరాబాద్ వెళ్లి సొంత సొమ్ముతో వైద్యం చేయించుకున్నారు. ఆస్పత్రి వద్ద కేసు షీటు ఉంటుంది. జిల్లా వైద్యారోగ్య శాఖకు మాత్రం ఆయన సంగతి తెలిసే మార్గం లేదు.

మూడో వ్యక్తి మధుమేహం ఉన్న మహిళ. మధుమేహ రోగుల్లో గుండెపోటు వచ్చినా ఒక్కోసారి ఛాతీ నొప్పి ఉండదు. ఆయాసం, చెమటలు, వాంతులు మాత్రమే కనిపిస్తాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ సూది వేసి పంపించారు. ఆ రాత్రే ఇంటివద్ద ప్రాణం పోయింది. ఈమెకు మిగిలేది పంచాయతీ ఇచ్చే మరణ ధ్రువపత్రం ఒక్కటే.

ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వ లెక్కకు అందలేదు. పైగా అందనివారిలో ఒకరు చనిపోయినవారు. వైద్యం అందనివారే ఎక్కువగా లెక్కలోంచి జారిపోవడం ఈ దస్త్రాల స్వభావంలోనే ఉంది.

క్లెయిమ్ కాగితం ఏం చెబుతుంది?

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమై తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. రాష్ట్ర విభజన అనంతరం రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దీనిని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలు చేస్తున్నారు. చికిత్సకు ముందే అనుమతి తీసుకోవడం, ఈసీజీ, యాంజియోగ్రామ్ వంటి ఆధారాలను కంప్యూటర్‌లో పంపడం మొదటి నుంచీ ఈ పథకంలో భాగం. ఆ కారణంగా పేద రోగుల గుండె చికిత్సలకు సంబంధించి ఇంత పెద్ద దస్త్రం రాష్ట్రంలో మరొకటి కనిపించదు.

అయితే ఆ దస్త్రం రోగాన్ని లెక్కించడానికి పుట్టలేదు. ఆస్పత్రికి డబ్బు చెల్లించడానికి పుట్టింది. అందుకే దానిలో ముఖ్యస్థానం జబ్బుకు కాక చికిత్స ప్యాకేజీకి దక్కుతుంది. స్టెంట్ వేయించుకున్న ప్రతి ఒక్కరికీ గుండెపోటు వచ్చిందని చెప్పలేం. నడిస్తే ఛాతీ పట్టేసే రోగికీ రక్తనాళం పూడిక చూసి స్టెంట్ వేస్తారు. మరోవైపు గుండెపోటు వచ్చి, గడ్డ కరిగించే మందుతోనే కోలుకున్నవారికి స్టెంట్ ఉండదు. కాబట్టి స్టెంట్ల సంఖ్యను గుండెపోట్ల సంఖ్యగా చూపితే రెండు వైపులా తప్పు జరుగుతుంది.

దీనికి విరుగుడుగా ప్రపంచమంతటా వాడుతున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ. దాని పదో కూర్పులో అప్పుడే వచ్చిన గుండెపోటుకు ఐ-21, వెనువెంటనే మళ్లీ వచ్చిన పోటుకు ఐ-22 అన్న కోడ్‌లు ఉన్నాయి. ఎప్పుడో వచ్చి తగ్గిన పాత గుండెపోటుకు వేరే కోడ్ ఉంది. డిశ్చార్జి కాగితంలో ఈ కోడ్ సరిగా పడితే గుండెపోటును ఏరడం సులువవుతుంది. ఒక రోగి ఒక ఆస్పత్రి నుంచి మరొక ఆస్పత్రికి మారినప్పుడు 28 రోజుల్లోపు వచ్చిన నమోదులన్నిటినీ ఒకే గుండెపోటుగా లెక్కించే పద్ధతి పరిశోధనల్లో వాడుకలో ఉంది. ప్యాకేజీ వివరం, వ్యాధి కోడ్, చేరిన తేదీ, రోగి గుర్తింపు... ఈ నాలుగూ కలిస్తేనే క్లెయిమ్ కాగితం గుండెపోటును నిజంగా చూపగలదు.

రాసిన కోడ్‌ను గుడ్డిగా నమ్మడమూ తగదు. ఏ జబ్బు రాస్తే అనుమతి త్వరగా వస్తుందో, ఏ ప్యాకేజీకి సొమ్ము ఎక్కువో ఆ రాతపై ఆ ప్రభావం పడే అవకాశం ఎక్కడైనా ఉంటుంది. అందుకే అమెరికాలో మందుల భద్రతను పరిశీలించే మినీ సెంటినెల్ కార్యక్రమంలో గుండెపోటు కోడ్ పడిన కొన్ని కేసుల పూర్తి వైద్య రికార్డులను తెప్పించి నిపుణులతో చదివించారు. 86 శాతం కేసుల్లో గుండెపోటు నిజమేనని 2013లో వెలువడిన ఆ పరిశీలనలో తేలింది. నూటికి 14 తప్పులున్నా, ఎంత తప్పు ఉందో తెలిసింది కనుక ఆ లెక్క పనికొచ్చింది. ఇటువంటి పరిశీలన లేని లెక్కకు అంకెలుంటాయి గాని విలువ ఉండదు.

రాసింది నిజమే... రాయనిదే ఎక్కువ

రికార్డుల నిర్వహణలో పేరున్న ఇంగ్లండ్‌లోనూ ఏ ఒక్క దస్త్రమూ పూర్తి కాదని రుజువైంది. అక్కడ 2003 నుంచి 2009 వరకు గుండెపోటుకు గురైన 21,482 మంది వివరాలను నాలుగు చోట్ల వెతికారు. కుటుంబ వైద్యుల దస్త్రాలు, ఆస్పత్రి దస్త్రాలు, గుండెపోటు రోగుల కోసమే నిర్వహించే జాతీయ రిజిస్టర్, మరణాల రిజిస్టర్‌లను కలిపి చూశారు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ అధ్యయనం అచ్చయింది.

ప్రాణాపాయం తప్పినవారిలో మూడు వైద్య దస్త్రాల్లోనూ నమోదైనవారు 31 శాతం మాత్రమే. ఏదో ఒక్క దస్త్రాన్నే నమ్ముకుంటే గుండెపోట్ల సంఖ్య 25 నుంచి 50 శాతం వరకు తగ్గి కనిపిస్తుందని పరిశోధకులు తేల్చారు. అదే సమయంలో, కుటుంబ వైద్యులు గాని ఆస్పత్రులు గాని గుండెపోటు అని రాసిన కేసులను జాతీయ రిజిస్టర్‌తో సరిచూస్తే 90 శాతానికి పైగా నిజమేనని వెల్లడైంది. అంటే రాసినదానిలో తప్పు తక్కువ, రాయకుండా వదిలినది ఎక్కువ. ప్రతి పౌరుడికీ ఒక ఆరోగ్య సంఖ్య ఉన్న దేశంలోనే ఇంత జారిపోతే, సగం వైద్యం ప్రైవేటు నగదు చీటీలపై నడిచే చోట పరిస్థితి వేరుగా చెప్పనక్కర్లేదు.

'గుండె ఆగడం' కారణం కాదు

మరణాల రిజిస్టర్ సంగతి మరీ దయనీయం. జనన మరణాల నమోదు చట్టాన్ని 1969లో చేశారు. ఆస్పత్రిలో మరణిస్తే వైద్యుడు ఫారం 4లో, ఇతర చోట్ల మరణిస్తే అంతకుముందు చూసిన వైద్యుడు ఫారం 4ఏలో కారణాన్ని రాసి ఇవ్వాలి. ఆచరణలో జరుగుతున్నది వేరు. 2020లో దేశవ్యాప్తంగా నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. అలా ధ్రువీకరించిన మరణాల్లో 32.1 శాతం రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులవే. మిగిలిన 77 శాతానికి పైగా మరణాలకు వైద్యులు ధ్రువీకరించిన కారణమే కాగితంపై లేదు.

కారణం రాసిన చోట కూడా చిక్కు తప్పడం లేదు. 'గుండె ఆగిపోవడం', 'గుండె, శ్వాస వైఫల్యం' అని రాయడం వైద్యుల్లో పాత అలవాటు. ఎవరు చనిపోయినా చివరకు గుండె ఆగుతుంది. పాముకాటుకు పోయినా, కామెర్లకు పోయినా అంతే. అది మరణించిన తీరు తప్ప మరణానికి మూలం కాదు. అందుకే ఫారంలో తక్షణ కారణం, దానికి దారితీసిన కారణం, మూల కారణం అని వేర్వేరు వరుసలు ఇచ్చారు. మూల కారణం గడి ఖాళీగా వదిలిన ఫారం గుండెపోటును చూపనూ చూపదు, లేదని చెప్పనూ చెప్పదు.

2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆస్పత్రీ మరణ కారణ ధ్రువపత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రార్‌కు పంపి, ఒక ప్రతిని మృతుని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఈ హక్కు ఉన్నదని తెలిసి అడిగే కుటుంబాలు పెరిగితేనే గడులు నిండుతాయి. ఇంటివద్ద, వైద్యుడి కంట పడకుండా సంభవించే మరణాలకు మాత్రం ఈ సవరణ కూడా సరిపోదు. వాటికి 45 గ్రామాల్లో అనుసరించిన పద్ధతే శరణ్యం.

మందు దోషాన్ని పట్టించిన దస్త్రాలు

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. రోఫెకాక్సిబ్ ఉదంతం దీనికి సమాధానం. వయాక్స్ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడైన ఈ కీళ్ల నొప్పుల మందును 2004 సెప్టెంబరు 30న తయారీ సంస్థ మెర్క్ ఉపసంహరించుకుంది. గుండెపోటు ముప్పు పెరుగుతోందని ప్రయోగ పరీక్షలో తేలడమే కారణం. అదే ఏడాది డిసెంబరులో భారత ప్రభుత్వం కూడా ఈ మందును నిషేధించింది.

సాధారణ రోగుల్లో ముప్పు ఎంత ఉందో చూపినవి మాత్రం ఆస్పత్రి దస్త్రాలే. కాలిఫోర్నియాలోని ఒక ఆరోగ్య సంస్థలో నొప్పి మందులు వాడిన సుమారు 14 లక్షల మంది రికార్డులను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అధికారి డేవిడ్ గ్రాహం, ఆయన సహచరులు పరిశీలించారు. 8,143 తీవ్ర హృద్రోగ కేసులు బయటపడ్డాయి. వారిలో 2,210 మంది మరణించారు. రోఫెకాక్సిబ్‌ను ఎక్కువ మోతాదులో వాడేవారికి, నొప్పి మందులు మానేసి చాలాకాలమైన వారితో పోలిస్తే ముప్పు సుమారు మూడు రెట్లు ఉందని 2005లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. మందు చీటీ ఒకచోట, ఆస్పత్రి కోడ్ మరోచోట ఉండి రెండూ ఒకే రోగి సంఖ్యతో కలిశాయి కనుకనే ఈ నిజం బయటపడింది. కీళ్ల నొప్పులకు మందుల దుకాణంలో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కునే పల్లెలో ఇటువంటి ముప్పు వచ్చినా పసిగట్టే సాధనం ఏదీ లేదన్నది చేదు నిజం.

వదంతులకు విరుగుడు

కరోనా అనంతరం యువకులు ఉన్నట్టుండి కుప్పకూలుతున్న దృశ్యాలు సెల్‌ఫోన్లలో చక్కర్లు కొట్టాయి. టీకాయే కారణమన్న ప్రచారం ఊరూరా పాకింది. ఔనో కాదో చెప్పాలంటే టీకాకు ముందు ఏటా ఎందరు అలా మరణించేవారో తెలియాలి. ఆ లెక్క జిల్లా స్థాయిలో లేదు. లెక్క లేని చోట వదంతి రాజ్యమేలింది.

చివరకు భారత వైద్య పరిశోధన మండలి 47 పెద్దాస్పత్రుల ద్వారా ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసి వచ్చింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు ఆకస్మికంగా మరణించిన 18-45 ఏళ్ల వయసువారు 729 మందిని, పోల్చడానికి జీవించి ఉన్న 2,916 మందిని తీసుకుంది. టీకా వల్ల ఆకస్మిక మరణ ముప్పు పెరగలేదని, రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తగ్గిందని 2023లో ప్రకటించింది. గతంలో కరోనాతో ఆస్పత్రిలో చేరడం, కుటుంబంలో ఆకస్మిక మరణాలు ఉండటం, మరణానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం సేవించడం లేదా తీవ్ర శారీరక శ్రమ చేయడం వంటివి ముప్పును పెంచాయని పేర్కొంది. మరణ కారణాలు ఏటా సక్రమంగా నమోదై ఉంటే ఈ జవాబు ఇంకా ముందే వచ్చేది. జనం భయం అంతకాలం సాగేది కాదు.

లెక్క తెలిస్తే ప్రాణం దక్కేనా?

గుండెపోటులో ప్రతి నిమిషమూ కీలకమే. దేశంలోని 50 నగరాల్లో 89 ఆస్పత్రులకు వచ్చిన 20,468 మంది రోగులపై జరిపి 2008లో ప్రచురించిన క్రియేట్ అధ్యయనంలో, నొప్పి మొదలయ్యాక ఆస్పత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు. నెల రోజుల్లోపు మరణాలు సంపన్నుల్లో 5.5 శాతం కాగా పేదల్లో 8.2 శాతం. ఇవి ఆస్పత్రికి చేరగలిగినవారి సంగతులు. దారిలో, ఇంట్లో పోయినవారు ఈ లెక్కలోనూ లేరు.

స్థానిక ఆస్పత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న నిపుణుడు చూసి, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూదిమందును అక్కడికక్కడే వేయించే స్టెమి కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. ఈ మందు ఎక్కడ ఎన్ని నిల్వ ఉంచాలి, ఈసీజీ యంత్రం ఏ కేంద్రానికి ముందు ఇవ్వాలి, క్యాథ్‌ల్యాబ్ ఎక్కడ నెలకొల్పాలి అన్న నిర్ణయాలకు గుండెపోట్ల చిత్రపటం కావాలి. కేవలం క్లెయిమ్‌లు చూసి నిర్ణయిస్తే ఆస్పత్రులు ఉన్న పట్టణాల చుట్టూనే రోగులు ఉన్నట్లు కనిపిస్తుంది. వైద్యం అందని లంక గ్రామాలు, మన్యం పల్లెలు ఆరోగ్యంగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. క్లెయిమ్ తక్కువగా ఉన్న మండలంలో గుండెపోట్లు తక్కువా, లేక ఆస్పత్రికి చేరేవారు తక్కువా? మరణాల రిజిస్టర్‌ను పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

చేయవలసింది ఇదీ...

కొత్త యంత్రాలు, కొత్త శాఖలు అక్కర్లేకుండానే జిల్లా స్థాయిలో చేయదగినవి కొన్ని ఉన్నాయి.

* ఛాతీ నొప్పి, ఆయాసంతో వచ్చిన 108 పిలుపులు, ఆరోగ్య పథకం క్లెయిమ్‌లు, మరణాల నమోదును ఏడాదికోసారి కలిపి చూసి మండలాల వారీగా సంఖ్యలు ప్రకటించాలి.
* ప్రతి డిశ్చార్జి కాగితంపైనా ప్యాకేజీతోపాటు వ్యాధి కోడ్ తప్పనిసరి చేయాలి.
* గుండెపోటుగా రాసిన కేసుల్లో కొన్నింటిని ఏటా ఎంపిక చేసి ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష ఫలితాలతో నిపుణులు సరిచూడాలి.
* ఇంటివద్ద మరణించినవారి కుటుంబాలను ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం కలిసి, లక్షణాలను నిర్ణీత ప్రశ్నావళిలో నమోదు చేయాలి. వైద్యాధికారి దాన్ని చదివి కారణం నిర్ణయించాలి.
* మరణ కారణం రాసే పద్ధతిపై వైద్యులకు, రిజిస్ట్రార్లకు శిక్షణ ఇవ్వాలి.

రోగి గోప్యతను విస్మరించరాదు. 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న 14 అంకెల ఆరోగ్య సంఖ్య దస్త్రాలను కలపడానికి ఉపకరిస్తుంది. ఆ సౌకర్యమే దుర్వినియోగానికీ దారి కావచ్చు. ఎవరి గుండె బలహీనమో బీమా ఏజెంటుకో, పని ఇచ్చే యజమానికో తెలిస్తే ఆ కుటుంబం నష్టపోతుంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దస్త్రాలను కలిపిన తరువాత పేర్లు, చిరునామాలు తొలగించి సంఖ్యలను మాత్రమే బయటపెట్టడం ఈ విషయంలో పాటించవలసిన కనీస నియమం.

వానలు పడితే వర్షపాతం లెక్క మండలాల వారీగా మర్నాటికే వస్తుంది. ధాన్యం ఎన్ని బస్తాలు కొన్నారో సాయంత్రానికే తెలుస్తుంది. మండలంలో గడచిన ఏడాది ఎన్ని గుండెలు ఆగాయో, అందులో ఎన్నిటిని ఆపగలిగేవారమో మాత్రం తెలియదు. 2003-04లో ఈ జిల్లాల పల్లెలు గడప గడపకూ తిరిగినవారికి ఆ నిజం చెప్పాయి. ఈసారి అడగవలసింది ప్రభుత్వ యంత్రాంగమే. పంచాయతీ రిజిస్టర్‌లోని ఖాళీ గడి నిండితేనే పక్క ఇంటి మనిషికి ఈసీజీ యంత్రం దగ్గరవుతుంది.